తలకట్టు తెచ్చిన తంటా

జూన్ 3

చెల్లెమ్మా,

పక్కింటి పిల్ల ఆకలితో గుమ్మంలో నిలబడి ఉంటే, అటక మీద బియ్యం మూట పెట్టుకుని చేతులు నలుపుకునేవాణ్ణి ఏమని పిలవాలి? నువ్వు టీచరువి, నువ్వు చెప్పు. మొన్న ఆదివారం మందిరంలో ప్రసంగం చేస్తూ నేనిదే అడిగాను. ముందు బల్ల మీద కూర్చున్న దర్జీ, "పిసినారి అనాలండీ" అన్నాడు. "అయితే లేచి నిలబడు పిసినారీ, మీ ఇంట్లో అటక మీద ఎన్ని పుస్తకాలున్నాయో చెప్పు" అన్నాను. కూర్చున్నవాడు కూర్చున్నట్టే బిగుసుకుపోయాడు. మిగతావాళ్ళు నవ్వబోయి, తమ అటకలు గుర్తొచ్చి మానుకున్నారు.

ఇదంతా నీ ఉత్తరం చేసిన పని. శనివారం సాయంత్రం అందింది. నేను దుకాణంలో సైకిలు ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని చూస్తున్నాను. తడి చేత్తోనే విప్పాను. అక్కడక్కడ సిరా పాకింది గానీ సంగతి అంతా తెలిసింది. ముత్తాతల కాలంలో కూలి పనికి ఓడెక్కి వెళ్ళినవాళ్ళ మునిమనవలు నీ తరగతిలో ఉన్నారని, మన మాట కాస్త మాట్లాడతారు గానీ చదవడం ఒక్కరికీ రాదని రాశావు. బడి కమిటీ వాళ్ళు సెప్టెంబరులో వచ్చి చూస్తారని, పిల్లలు వాళ్ళ ఎదుట నిలబడి చదవలేకపోతే నీ గదిని కుట్టు మిషన్ల తరగతికి ఇచ్చేస్తారని రాశావు. మిషన్లు అప్పుడే వరండాలోకి వచ్చి, గుడ్డలు కప్పుకుని కూర్చున్నాయట.

అక్కడ నాకు ఒళ్ళు మండింది. కుట్టు మీద నాకు కోపం లేదు. గుడారాలు కుట్టుకుంటూ ఊరూరా వాక్యం చెప్పిన అపొస్తలుడు ఉన్నాడు. కానీ పిల్లల నోట్లోంచి మాట లాగేసి ఆ ఖాళీలో మిషను పెడతామంటే చూస్తూ కూర్చుంటామా?

ఇంతకీ నువ్వు అడిగిందేమిటి? మన మందిరం వాళ్ళ పాత పుస్తకాలు కొన్ని పోగుచేసి పంపమన్నావు. కొన్ని ఏమిటే? అడిగేదేదో నోరారా అడగొచ్చు కదా. అయిదు రొట్టెలతో అంత జనం కడుపు నింపినవాడి పేరు చెప్పుకుని బతికేవాళ్ళం, కొన్నితో సరిపెడతామా?

సోమవారం పొద్దున దుకాణం తలుపు తీసేసరికి గుమ్మంలో మూటలు. మర్నాటికి నేను లోపలికి పక్కవాటుగా నడవాల్సి వచ్చింది. పంక్చరు కోసం వచ్చినవాళ్ళు సైకిలు రోడ్డు మీదే పెట్టి నన్ను కేకేస్తున్నారు. "ఇది సైకిలు షాపా, చిత్తుకాగితాల కొట్టా?" అంటోంది మీ వదిన. అననీ. పాత ట్యూబులు కోసి, ఆ రబ్బరు పట్టీలతో కట్టలు కడుతున్నాను. తాడు తెగుతుందేమో గానీ నా పట్టీ తెగదు.

ఎలాంటివి ముందు పంపాలో వెంటనే రాయి. ఆగస్టు రెండో వారంలో సరుకు ఓడ ఉంది. అది తప్పితే మళ్ళీ ఓడ వచ్చేది కమిటీ వచ్చి వెళ్ళాకే. బావ ఓడరేవు గిడ్డంగిలోనే కదా పనిచేసేది, పెట్టెకి చోటు చూసి ఉంచమను.

ఊరంతా తలుపులు తడుతూ తిరుగుతున్న
మీ అన్నయ్య


జూన్ 21

అన్నయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం పైకి చదువుతుంటే మీ బావ పక్క గదిలోంచి "మీ అన్నయ్య ఎప్పుడొచ్చాడు?" అని అడిగారు. ఆ మాటల వేడి అలాంటిది.

దుకాణం పట్టనన్ని పాట పుస్తకాలా? నమ్మలేకపోతున్నాను. మన చిన్నప్పుడు మందిరంలో బల్లకి ఒక పుస్తకం ఉంటే గొప్ప. నలుగురం తలలు ఆనించి చూసేవాళ్ళం. నీ మోచెయ్యి ఎప్పుడూ నా డొక్కలోనే ఉండేది. ఇప్పుడు ఇంటింటికీ ఉన్నాయన్నమాట. మన వాళ్ళు బాగుపడ్డారు.

నా గది చూస్తే నీకు నచ్చుతుంది. ఒక కిటికీ మూసుకోదు, ఇంకోటి తెరుచుకోదు. మూసుకోని కిటికీ దగ్గర కూర్చునే పిల్లని అందరూ తూనీగ అంటారు. ఒక్కచోట నిలవదు. పాఠం చెబుతుంటే కిటికీ ఊచల మీద, పిలిస్తే బల్ల మీద, కోప్పడితే నా చీర కుచ్చిళ్ళ దగ్గర. నల్లబల్ల మీద "అ" రాసి ఇదేమిటే అని అడిగితే "చెవి పోగు" అంటుంది. అన్నం తింటూ కూడా ఏదో గొణుగుతూనే ఉంటుంది. ఆ గొణుగుడు ఏమిటో నేను విన్న రోజే నీకు ఆ ఉత్తరం రాశాను.

కమిటీలో ఒక పెద్దమనిషి ఉన్నారు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, దాని మీదుగా చూస్తారు. పిల్లలు ఆయనకి కిందచూపు అని పేరు పెట్టారు. మన భాష ఆయనకి ఒక్క ముక్క రాదు. రోజూ వరండాలో ఆగి, మిషన్ల మీద గుడ్డ ఎత్తి చూసుకుని, మళ్ళీ కప్పి, నా గదిని కళ్ళతో కొలిచి వెళ్తారు. చెడ్డవారు కాదు. మిషను తిప్పితే గుడ్డ బయటికి వస్తుంది, ఈ గదిలోంచి ఏం వస్తుందో ఆయనకి తెలియడం లేదు, అంతే.

ఎలాంటివి పంపాలన్నావు కదా. రెండే సంగతులు చూడు అన్నయ్యా. ఒకటి, అన్నీ ఒకే పుస్తకం అయితే మంచిది. పిల్లలందరూ ఒకే పేజీ తీసి, ఒకే మాట మీద వేలు పెట్టాలి. రెండోది, వరస. వరస తెలిసినవైతే అవే దారి చూపిస్తాయి. వరస తప్పిందా, పిల్లలు అక్కడే ఆగిపోతారు. చిరిగినా, అట్ట ఊడినా ఫరవాలేదు.

వదినని అడిగానని చెప్పు. దుకాణం సంగతిలో నేను ఆవిడ పక్షమే.

నీ చెల్లెలు


జూలై 8

చెల్లెమ్మా,

గొర్రెల కాపరి తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం కొండలన్నీ తిరిగాడు. నేను నీ "ఒకే పుస్తకం" కోసం అంతకంటే ఎక్కువ తిరిగాను. కాపరికి దొరికినట్టే నాకూ దొరికింది. ముందు కూర్చుని, తర్వాత చదువు.

నువ్వు పెట్టిన షరతులు చూసి మొదట నాకు కళ్ళు తిరిగాయి. పాత పుస్తకాలన్నాక అన్నీ ఒకటే ఎలా ఉంటాయి? ఇంటికొకటి, అటకకొకటి. నా దగ్గర పోగుపడినవి చెబుతాను విను. కోళ్ళ పెంపకం మీద ఒక లావుపాటి పుస్తకం. బాయిలరు పరీక్ష గైడు. ఎప్పటివో రైళ్ళ టైంటేబులు, అందులో సగం రైళ్ళు ఇప్పుడు నడవడం లేదు. మొదటి సగం లేని నవల ఒకటి, చివరి సగం లేని నవల ఒకటి. రెండూ ఒకటేనేమోనని ఆశపడి కలిపి చూశాను, కాదు. ఈ గంపలోంచి పిల్లలందరికీ ఒకే పుస్తకం ఎక్కడ తేను? మోకాళ్ళ మీద పడ్డాను.

జవాబు బుధవారం వచ్చింది. మన మందిరానికి వచ్చేవాళ్ళలో టెలిఫోను ఆఫీసులో పనిచేసే ఒకాయన ఉన్నాడు. పంపులో గాలి కొట్టించుకుంటూ, "అయ్యగారూ, మా గోదాములో పోయినేటి డైరెక్టరీలు గుట్టపడి ఉన్నాయి, తగలెయ్యమన్నారు" అన్నాడు. నా చేతిలో పంపు ఆగిపోయింది.

ఆలోచించు చెల్లీ. అన్నీ ఒకే పుస్తకం. అందరూ ఒకే పేజీ తీయగలరు. మన లిపిలోనే అచ్చయినవి. ఇక వరస అంటావా, ఈ లోకంలో ఇంతకంటే వరస ఉన్న పుస్తకం ఉందా? అ మొదలుకుని చివరిదాకా ఒక్క పేరు తన చోటు దాటి ముందుకు రాదు. ఇంటిపేరు తర్వాత పేరు, పేరు తర్వాత వీధి. ఎక్కడ ఆగినా పిల్ల మళ్ళీ దారి పట్టుకోగలదు. నువ్వు ఏది చూసి అడిగావో గానీ, అచ్చంగా దీన్నే అడిగావు.

ఉత్త పేర్లు చదివి ఏం లాభం అని మీ వదిన అడిగింది. లేఖనాల్లో పేజీలకు పేజీలు పేర్లే కదా, ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడని? వాటిని దేవుడు ఊసుపోక రాయించాడా అన్నాను. ఆదివారం దాని మీదే మాట్లాడాను. "మీ పేరు సముద్రం దాటబోతోంది" అనేసరికి ముందు బల్లవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. డైరెక్టరీలో తన పేరుందో లేదో చూసుకోవడానికి దర్జీ ప్రార్థన అయ్యేలోపే లేచి వెళ్ళాడు.

పెట్టె దర్వాజా అంత ఉంది. ఓడకి ఎక్కించడమే తరువాయి.

గాలి నిండిన గుండెతో
మీ అన్నయ్య

అమ్మాయ్, కింద మిగిలిన చోటులో వదిన రాస్తున్నాను. నాకేదో తేడాగా ఉంది. చిన్నపిల్లలకి టెలిఫోను డైరెక్టరీ ఏమిటి? అంటే ఈయన వినరు. వెనకటికి ఒక ప్రవక్త మాట వినకపోతే గాడిద నోరు తెరిచి చెప్పిందట. ఇక్కడ నేను చెబుతున్నాను. నేను గాడిదనని కాదు. నువ్వయినా వెంటనే ఒక ముక్క రాయి.


జూలై 22

అన్నయ్యా,

ఆపు. పెట్టె ఎక్కించకు. ఎక్కిస్తే దించు.

ఈ మాట రాయడానికి నాకు ఒక పూట పట్టింది. నవ్వి నవ్వి కలం కింద పడేసుకున్నాను. మీ బావయితే కుర్చీలోంచి జారి, నేల మీద కూర్చునే "బాయిలరు గైడు" అని మళ్ళీ నవ్వారు. వదిన గాడిద కాదు, ఇంట్లో ఉన్న ఒకే ఒక ప్రవక్త ఆవిడ అని మా ఇద్దరి తీర్మానం.

తప్పు ఎక్కడ జరిగిందో నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. నేను అడిగింది పాట పుస్తకాలు. పాడుకునే పాట. మందిరంలో మనం పాడే పాటల పుస్తకం. నేను తొందరలో "ట" రాసి కలాన్ని పైకి ఎగరేస్తాను. దాని మీద నీ తడి చెయ్యి పడింది. ఆ గీత నీకు తలకట్టులా కనిపించి, నా "ట" కాస్తా "త" అయి కూర్చుంది. నువ్వేమో కలం పట్టిన నాటినుంచీ నీ "త" కి తలకట్టు పెట్టిన పాపాన పోలేదు. అందుకని నువ్వు రాసిన పాతలన్నీ నేను పాటలుగా చదువుకున్నాను. మూడు ఉత్తరాలు నడిచాయి, అన్నాచెల్లెళ్ళం చెరో పుస్తకం గురించి మాట్లాడుకుంటూ. వరస అన్నది పాట వరస, అన్నయ్యా. రాగం. డైరెక్టరీకి రాగం కట్టగలవాడివి నువ్వొక్కడివే.

ఇప్పుడు నవ్వు పక్కన పెట్టి చెబుతాను. తూనీగ గొణుగుతూ ఉంటుందని రాశాను కదా. దగ్గరికి వెళ్ళి వింటే అది మన మందిరం పాట. ఒక్క మాట పోకుండా పాడుతోంది. వాళ్ళ అవ్వ నేర్పిందట, ఆ అవ్వకి ఓడలో వచ్చిన వాళ్ళమ్మ నేర్పిందట. తరగతిలో అడిగితే పిల్లలందరికీ వచ్చు. అర్థం తెలియదు, అక్షరం తెలియదు, నోటికి మాత్రం వచ్చు. ఇక నేను కొత్తగా నేర్పాల్సిందేముంది? నోట్లో ఉన్న మాటని కాగితం మీద చూపించాలి. పాడుతూ, ఒక్కొక్క మాట మీద వేలు పెడుతూ పోతే, ఏది "అ"నో వాళ్ళకే తెలుస్తుంది.

నువ్వు చదువు నేర్చుకున్నది ఎలాగో మరిచిపోయావా? బడి ముఖం చూడలేదు నువ్వు. మందిరంలో చివరి బల్ల మీద కూర్చుని, నోటికి వచ్చిన పాట మీద వేలు జరుపుకుంటూ జరుపుకుంటూ అక్షరాలు పట్టుకున్నావు. నాకు ఈ ఉపాయం ఏ శిక్షణలోనూ చెప్పలేదు. నా డొక్కలో మోచెయ్యి పెట్టినవాడి దగ్గర చూశాను.

సెప్టెంబరు మొదట్లో కమిటీ వస్తుంది. ఆగస్టు ఓడలో పాట పుస్తకాలు వస్తే నాకు ఆశ ఉంది. రాకపోతే గది పోతుంది. నా ఉద్యోగం ఎక్కడో ఒకచోట ఉంటుందిలే. ఈ పిల్లలు పాడేదేమిటో వాళ్ళకే తెలియకుండా పోతుంది, నా బాధ అది.

నీ చెల్లెలు


ఆగస్టు 10

చెల్లీ,

వెళ్ళమన్న ఊరు వదిలి వేరే ఓడెక్కిన ప్రవక్తని చేప మింగింది. నన్ను టెలిఫోను డైరెక్టరీ మింగింది. అతను లోపల కూర్చుని ప్రార్థించాడు. నాకు అంత తీరిక కూడా లేకపోయింది. నీ ఉత్తరం అందేసరికి పెట్టె బండి మీద ఉంది. బండివాడు "ఇప్పుడే కదయ్యా ఎక్కించాం" అని గొణిగాడు. నేనూ అతనూ కలిసి దించాం. మీ వదిన గుమ్మంలో నిలబడి చూసింది. నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తిట్టినా బాగుండేది.

ఆదివారం మందిరంలో లేచి, నీ ఉత్తరం చదివాను. నవ్వారు, నవ్వనిచ్చాను. తర్వాత, "మీ పాట పుస్తకాలు తెచ్చి ఈ బల్ల మీద పెట్టండి" అన్నాను. నవ్వు ఆగిపోయింది. అటక మీదది ఇమ్మంటే పరుగెత్తుకొచ్చినవాళ్ళు, చేతిలోది ఇమ్మనేసరికి గుండెలకి హత్తుకున్నారు.

దర్జీ లేచాడు. "అయ్యగారూ, నా పుస్తకం మొదటి పేజీలో మా పెద్దమ్మాయి పుట్టిన రోజు రాసుకున్నాను. అది పోతే దాని వయసెంతో మా ఆవిడ చెప్పిందే నమ్మాలి."

"ఇన్నాళ్ళూ ఎవరు చెప్పింది నమ్మావు?" అంది వాళ్ళావిడ వెనక బల్ల మీంచి.

"కొత్తవి కొని పంపుదాం" అన్నారు ఎవరో. ఈ పుస్తకం అచ్చేసిన ప్రెస్సాయన మన మందిరంలోనే ఉన్నాడు కదా, ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎప్పుడో అయిపోయాయట. మళ్ళీ అక్షరాలు పేర్చి అచ్చు వేయాలంటే ఓడ వెళ్ళిపోతుందట.

అప్పుడు నాకు వాక్యం వచ్చింది. "మీకీ పాటలు నోటికి వచ్చునా రావా?" అని అడిగాను. వచ్చునన్నారు. "నోటికి వచ్చినవాడికి పుస్తకం ఎందుకు? మీరు దాన్ని చూస్తున్నారా, పట్టుకుంటున్నారా?" అన్నాను. "నోటికి వచ్చి, అక్షరం రాని పిల్ల అక్కడ కిటికీ పట్టుకుని కూర్చుంది. మీ చేతిలో ఉన్నది ఆ పిల్లకి కన్ను. రెండు అంగీలున్నవాడు ఒకటి ఇవ్వాలన్నారే, నోట్లో ఒక పుస్తకం, చేతిలో ఒక పుస్తకం ఉన్నవాణ్ణి ఏం చేయాలి?"

గొంతు బాగా లేచిందనుకుంటాను. మీ వదిన మాత్రం, వంటింట్లో ఉప్పు అందుకోమన్నంత మామూలుగా, "మరి మీదీ?" అంది.

చెల్లీ, నా పుస్తకం నీకు తెలుసు. అంచుల్లో చోటు లేకుండా ఏళ్ళ తరబడి నేను రాసుకున్న మాటలు. ఏ పాట తర్వాత ఏం చెప్పాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ అరవాలి, అన్నీ అందులోనే. అది లేకపోతే నేను పంపు కొట్టుకునేవాణ్ణే. నేను మాటలు తడుముకోవడం మన వాళ్ళు మొదటిసారి చూశారు. నేనే వెళ్ళి బల్ల మీద పెట్టాను. చెయ్యి తీయడానికి కాస్త సేపు పట్టింది.

నా వెనకే దర్జీ. అతని వెనక అందరూ. పెట్టె అంచుదాకా నిండింది.

ఆ తర్వాత చివరి పాట పుస్తకాలు లేకుండా పాడాం. నోటికి వచ్చునని ఒట్టేసినవాళ్ళందరి నోటికీ వేరువేరుగా వచ్చునని తేలింది. రెండో చరణంలో ఎడమ పక్క బల్లలు కొండెక్కాయి, కుడి పక్కవాళ్ళు నది దాటారు, దర్జీ ఒక్కడూ ఎవరూ ఎరగని చరణం ఒకటి పాడుకుంటూ పోయాడు. గోపురం కట్టినచోట భాషలు తారుమారైన రోజు ఇలాగే ఉండి ఉంటుంది. చివరికి అందరం నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయాం. ఇంత సంతోషంగా ప్రార్థన ఎప్పుడూ ముగియలేదు.

పెట్టె ఓడెక్కింది. ఈసారి మూత వేసేముందు మీ వదిన ప్రతి పుస్తకం విప్పి చూసింది.

ఉత్త చేతులతో
మీ అన్నయ్య


సెప్టెంబరు 13

అన్నయ్యా,

గది నిలబడింది. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే నువ్వు మధ్యలో ఊపిరి బిగబడతావు.

పెట్టె అందిన రోజు మీ బావ స్వయంగా తోపుడు బండి మీద బడికి తెచ్చారు. పిల్లలు ముందు వాసన చూశారు. తర్వాత నేను పాట ఎత్తుకున్నాను, వాళ్ళు వేలు పెట్టారు. మొదటి రోజు నోరు ముందు పరుగెత్తింది, వేలు వెనక ఈడ్చుకుంటూ వచ్చింది. కొన్నాళ్ళకి రెండూ పక్కపక్కన నడిచాయి. ఒకరోజు తూనీగ పాట మధ్యలో ఠక్కున ఆగి, "టీచర్, 'దారి'లో ఉన్న ఇదే కదా 'దాహం'లో కూడా ఉంది?" అంది. అక్షరం దొరికిందన్నమాట. ఆ పూట పాఠం అక్కడితో ఆపి అందరినీ ఆటకి వదిలేశాను.

కమిటీ వచ్చింది. పిల్లలు లేచి, పుస్తకాలు పట్టుకుని చక్కగా చదివారు. మిగతావాళ్ళు తలలు ఊపారు. కిందచూపు గారు ఊపలేదు. "వీళ్ళు చదవడం లేదు, పాడుతున్నారు. పుస్తకం తలకిందులుగా ఇచ్చినా ఇలాగే పాడతారు" అన్నారు. ఆయన అన్నది అబద్ధం అనడానికి నా దగ్గర సాక్ష్యం ఏముంది?

ఆయన తూనీగ చేతిలోంచి పుస్తకం తీసుకుని, అచ్చు పేజీలన్నీ వెనక్కి తిప్పేసి, మొదట్లో చేత్తో రాసి ఉన్న చోటు తీశారు. "ఇది పాట కాదు కదా? ఇది చదవమను" అన్నారు. అది మన దర్జీ పుస్తకం. నేను కూడా అంతకుముందు చూడలేదు.

తూనీగ కదలకుండా నిలబడింది. ఆ పిల్ల అంతసేపు ఒకచోట నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. వేలు పెట్టింది. "మా... పెద్ద... అమ్మాయి... పుట్టింది. ఆ... రోజు... వాన. కొ..." అక్కడ ఆగిపోయింది. నేను పెదవులు కొరుక్కున్నాను. చెప్పకూడదు. వేలు వెనక్కి తీసి మళ్ళీ పెట్టింది. "కొట్టు తెరవలేదు."

"అంటే ఏమిటి?" అని ఆయన వాళ్ళ భాషలో అడిగారు. పిల్ల ఆ భాషలోనే చెప్పింది. చెప్పి, "ఆ పాప ఇప్పుడు ఏం చేస్తూ ఉంటుంది?" అని ఆయన్నే అడిగింది. ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. కళ్ళజోడు చోటులో ఉంటే ఆయన ముఖం వేరేగా ఉంటుంది. "నాకు తెలియదమ్మా, రాసి అడుగు" అన్నారు. మిషన్లు మర్నాడు భోజనాల హాలు పక్క గదిలోకి వెళ్ళాయి. వెలుతురు అక్కడే ఎక్కువట, ఆయనే చెప్పారు.

ఇప్పుడు కొత్త తలనొప్పి. ఒడ్డు వెంట ఇంకో రెండు బడులున్నాయి, వాటిలోనూ మన వాళ్ళ పిల్లలే. ఆ టీచర్లు ఇద్దరూ వచ్చి నా గది చూసి, మాకూ ఇలాంటి పుస్తకాలు కావాలి, లేకపోతే మా గదులూ పోతాయి అన్నారు. మీ దగ్గర ఇక ఒక్కటీ మిగల్లేదని నాకు తెలుసు. వాళ్ళకి ఏం చెప్పమంటావు?

ఇంకో సంగతి. ఆ రోజు కిటికీ అవతల తూనీగ వాళ్ళ అవ్వ నిలబడి చూసింది. తర్వాత లోపలికి వచ్చి పుస్తకం అంతా తిప్పించి, "మా ఓడ పాట ఇందులో లేదేమమ్మా?" అంది. వచ్చేటప్పుడు ఓడలో వాళ్ళమ్మ వాళ్ళే కట్టుకున్నారట. అందరూ పోయారు, మొత్తం పాట ఇప్పుడు ఆవిడ ఒక్కదానికే వచ్చు. రెండు చరణాలు పాడేసరికి దగ్గు వచ్చి కూర్చుండిపోయింది. వచ్చే సెలవుల్లో తీరిగ్గా వెళ్ళి రాసుకుంటాను.

నీ చెల్లెలు


సెప్టెంబరు 29

చెల్లీ,

నీ ఉత్తరం మందిరంలో చదివాను. దర్జీ లేచి, కూర్చుని, మళ్ళీ లేచాడు. "ఆ పాపకి రాయండి అయ్యగారూ, మా అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలని" అన్నాడు.

ఇక పని మాట. ప్రెస్సాయన ఒప్పుకున్నాడు. పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తున్నాం. ఆ రెండు బడులకీ, మాకూ, ఇంకెవరు అడిగితే వాళ్ళకీ. సీసం అక్షరాలు కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టాడు. మందిరంలో ఎవరికి ఏ చరణం సరిగ్గా వచ్చునో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పాడించి రాయిస్తున్నాం. కొట్లాటలు జరుగుతున్నాయి, మంచివే. ఆ టీచర్లకి గదులు వదులుకోవద్దని చెప్పు, పుస్తకాలు వస్తున్నాయని చెప్పు.

కానీ మొదటి పేజీ ఖాళీగా ఉంచమన్నాను. అక్కడ ఓడ పాట ఉండాలి. అది లేకుండా ఒక్క అక్షరం పేర్చడానికి వీల్లేదని ప్రెస్సాయన చెయ్యి పట్టుకుని చెప్పాను.

నువ్వేమన్నావు? సెలవుల్లో, తీరిగ్గా అన్నావు. ఎవరి తీరిక? నీదా, ఆ అవ్వదా? నూనె తెచ్చుకుందాంలే అని లేచిన కన్యకలు తిరిగి వచ్చేసరికి పెళ్ళివిందు తలుపు మూసుకుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని ఎవరూ అనలేదు చెల్లీ, ఆలస్యం చేశారు, అంతే. ఆ పాట ఏ అటక మీదా లేదు, ఏ గోదాములోనూ లేదు. దగ్గుతో కూర్చుండిపోయే ఒక గొంతులో ఉంది. ఆ గొంతు ఆగితే, ఎన్ని ఓడలు నడిపినా మనం దాన్ని తేలేం.

నువ్వు ఈ ఉత్తరం బడిలో చదువుతుంటే గంట కొట్టకముందే బయల్దేరు. ఇంట్లో చదువుతుంటే పొయ్యి ఆర్పు. తూనీగని వెంటబెట్టుకో. రాసేది ఆ పిల్లే కావాలి, అవ్వ పాడుతుంటే, పక్కన కూర్చుని, తన చేత్తో. అక్షరాలు వంకర పోతే పోనీ. ఒక్కో చరణం పాడాక అవ్వకి నీళ్ళు ఇవ్వు, మళ్ళీ పాడించు. కాగితం చాలకపోతే నా ఈ ఉత్తరం వెనక రాయించు, అందుకే వెనక ఖాళీ వదిలాను.

సంతకం కోసం చూడకు. లేచి చెప్పులేసుకో. రేపు కాదు చెల్లీ, ఇవాళే వెళ్ళు.